మెట్ల కింద మిల్లింగ్ మెషిన్

రెండంగుళాల ఇత్తడి దిమ్మ. దానికి ఒక ముఖం చదునుగా ఉండాలి, ఆ ముఖంలో రెండు సన్నటి రంధ్రాలు, వెనకవైపు ఆరు మిల్లీమీటర్ల గాడి ఒకటి. ఇంత చిన్న ముక్క కోసం 2022 వేసవిలో హైదరాబాద్‌లో వర్క్‌షాపులుండే బాలానగర్‌కు మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఆ వర్క్‌షాప్ యజమాని టీ తెప్పించి, చాలా మర్యాదగా, "సార్, ముందు మీకేం కావాలో ఖాయం చేసుకుని రండి" అన్నాడు. తిరిగే కట్టరు కింద ముక్కను జరుపుతూ లోహాన్ని కోసే మిల్లింగ్ మెషిన్ కొనుక్కోవాలన్న ఆలోచన ఆ టీ దగ్గరే పుట్టింది.

ఆయన తప్పేమీ లేదు. నేనిచ్చిన డ్రాయింగ్ ప్రకారమే ముక్క చేశాడు, మినిమమ్ చార్జీ అని మూడు వందలు తీసుకున్నాడు, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పు నా డ్రాయింగ్‌లో ఉంది. ఇంటికొచ్చి బిగిస్తే గాడి రెండు మిల్లీమీటర్లు పక్కకు ఉండాల్సిందని తెలిసింది. అది దిద్దించాక దిమ్మ మందం కూడా తగ్గిస్తే బాగుండుననిపించింది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. రాయడం, నడిపి చూడడం, తప్పు కనబడితే మళ్లీ రాయడం అలవాటు. బాలానగర్‌లో ఆ పద్ధతి కుదరదు. అక్కడ పూటకు ఎన్ని ముక్కలు దిగాయన్నదే లెక్క.

నేను చేస్తున్నది చిన్న ఆవిరి ఇంజిన్. సిలిండర్ అటూ ఇటూ ఊగుతూ, ఆ ఊగుడుతోనే ఆవిరి దారిని తెరిచి మూసే రకం. విడిగా వాల్వులు ఉండవు కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకు ఇదే సులువంటారు. సులువే. కాకపోతే సిలిండరు, దాని వెనక పలక ఒకదాన్నొకటి ఆనుకునే ముఖాలు చదునుగా లేకపోతే ఆవిరంతా సందుల్లోంచి పోతుంది. ఆకురాయితో మూడు ఆదివారాలు రుద్దాను. ఆకురాయి పట్టిన చెయ్యి ఊగుతుంది కాబట్టి మధ్యలో ఉబ్బు, అంచుల్లో వాలు. మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే రెండు పక్కలా వెలుగు కనిపించేది.

మా బాబాయి కవాడిగూడలోని ప్రాగా టూల్స్‌లో మిల్లింగ్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాడు. 1943లో మొదలైన ఆ కంపెనీ ఊసెత్తితే ఆయన్ని ఆపడం కష్టం. మెషిన్ కొంటానని ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎక్కడ పెడతావురా?" అన్నాడు. ఎంత పెట్టి కొంటావు, ఏ కంపెనీది అని కాదు, ఎక్కడ పెడతావు అని. ఆ ప్రశ్న విలువ నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది.

ఎందుకంటే మొదట నేను మెషినే కొనకుండా తప్పించుకోవాలని చూశాను. ఇంట్లో బెంచ్ డ్రిల్లింగ్ మెషిన్ ఉంది. దాని కింద అటూ ఇటూ జరిగే క్రాస్ వైస్ ఒకటి రాణిగంజ్‌లో కొని పెట్టి, డ్రిల్లును పట్టే చక్‌లో ఎండ్ మిల్ (కొసతోనూ పక్కలతోనూ కోసే కట్టరు) బిగించి, అల్యూమినియం మీద మొదలుపెట్టాను. నాలుగైదు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత చక్కు చక్కుగానే ఊడి, తిరుగుతూనే కింద పడి, వైస్ మీద ఎగిరి, నా చెప్పు పక్కన నేల మీద గిరగిరా తిరిగి ఆగింది. డ్రిల్ చక్ టేపర్ (సన్నబడుతూ పోయే దాని పిడి) ఒరిపిడి మీదే నిలుస్తుంది. కిందికి నొక్కే బరువు పడితే ఇంకా బిగుసుకుంటుంది, పక్క నుంచి తోపు పడితే వదులవుతుంది. మిల్లింగ్‌లో తోపంతా పక్క నుంచే. అందుకే మిల్లింగ్ మెషిన్‌లో కట్టరును తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్, నడిమధ్య నుంచి పొడవాటి బోల్టు వేసి టేపర్‌ను పైకి లాగి బిగిస్తారు. దాన్ని డ్రాబార్ అంటారు. ఈ సంగతి బాబాయికి చెబితే, "కాలు బాగుందా?" అని మాత్రం అడిగాడు.

తర్వాత సీఎన్‌సీ మోజు, అంటే కంప్యూటర్ నడిపే మెషిన్ల మీద. ఆఫీసు మిత్రుడు ఒకతను 3018 అనే చిన్న కిట్ తెప్పించుకుని బిగించాడు. ఆ అంకెలు పని చేసే మేర కొలతలు, 30 సెంటీమీటర్లకు 18. అల్యూమినియం చట్రాల ఫ్రేము, వేలెడంత మోటారు, కంప్యూటర్‌లో గీసింది గీసినట్టు చెక్కుతుంది. నాలాంటి వాడికి ఇదే కదా కావాలి అనుకున్నాను. వాళ్లింటికి వెళ్లి చూశాను. చెక్క మీద పేరు చెక్కాడు, చాలా అందంగా వచ్చింది. సర్క్యూట్ బోర్డు చెక్కాడు, అదీ బాగుంది. నా ఇత్తడి ముక్క ఇచ్చాను. కట్టరు ముక్కను తాకగానే మెషిన్ మొత్తం సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. ఒక్కో పాస్‌లో పదో వంతు మిల్లీమీటరు తీస్తే గానీ సాగలేదు. గాడి పూర్తయ్యేసరికి మేం భోజనం చేసి, క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్లు కూడా చూశాం. గాడి గోడ మెట్లుమెట్లుగా ఉంది. అది చెడ్డ మెషిన్ అనను. చెక్క, ప్లాస్టిక్, సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లకు ఆ ధరకు అంతకన్నా ఏం కావాలి? లోహం దాని పని కాదు, అంతే.

బల్ల మీద పెట్టుకునే ప్రోక్సాన్ ఎంఎఫ్70 కూడా చాలా రోజులు మనసులో మెదిలింది. జర్మన్ కంపెనీ, చూడ ముచ్చటగా ఉంటుంది, బరువు ఏడు కిలోలే. మా ఆవిడ ఓటు దానికే. అయితే దాని వేగం నిమిషానికి 5,000 చుట్ల దగ్గర మొదలై 20,000 దాకా పోతుంది, పట్టే కట్టరు 3.2 మిల్లీమీటర్ల దాకానే. గడియారాలు, బొమ్మ రైళ్లు చేసేవాళ్లకు అది సరైన వేగం. నాకు పది మిల్లీమీటర్ల కట్టరు కావాలి, అప్పుడప్పుడు మైల్డ్ స్టీల్ కూడా కోయాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. కట్టరు అంచు నిమిషానికి ఎన్ని మీటర్లు పరిగెత్తుతుందన్నదే అసలు వేగం. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టరుతో మైల్డ్ స్టీల్‌కు 25 మీటర్లు అనుకుంటే, పది మిల్లీమీటర్ల కట్టరు నిమిషానికి 800 చుట్లు తిరగాలి. అదే కట్టరు 5,000 తిరిగితే అంచు 150 మీటర్లు దాటి పరిగెత్తుతుంది, స్టీల్ మీద నిమిషంలో నీలంగా మాడిపోతుంది. అప్పటిదాకా నేను మెషిన్లను పై వేగం చూసి పోలుస్తున్నాను. ఈ లెక్క తర్వాత అన్నిటికన్నా తక్కువ వేగం ఎంత, ఆ వేగంలో బలం ఎంత అన్నది చూడడం మొదలుపెట్టాను.

సెకండ్ హ్యాండ్ సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. హైదరాబాద్‌లో పాత మెషిన్లకు కొదవ లేదు. మూతపడిన షెడ్లలోంచి వస్తూనే ఉంటాయి. ఒక యార్డులో హెచ్‌ఎంటీ మిల్లింగ్ మెషిన్ చూపించారు. ధర నేను చూస్తున్న కొత్త చిన్న మెషిన్ కన్నా తక్కువ. మనిషెత్తు బీడు ఇనుము, టేబుల్ మీద చెయ్యి పెడితే చల్లగా, ఏనుగు నుదురు తాకినట్టుంది. బరువు టన్నుల్లో. త్రీ ఫేజ్. దాన్ని మా ఇంటికి తేవాలంటే క్రేను కావాలి, దాన్ని లోపలికి దింపాలంటే ముందు గోడ పడగొట్టాలి. అక్కడే అరగంట నిలబడ్డాను. బాబాయి ఆ మెషిన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, పాత స్నేహితుడి భుజం తట్టినట్టు తట్టి, "పదరా, లేకపోతే నేనే కొనేలా ఉన్నాను" అన్నాడు.

ఇంకోచోట గుండ్రటి స్తంభం ఉన్న మిల్-డ్రిల్ దొరికింది. రెండు వందల కిలోల లోపే ఉంటుంది, సింగిల్ ఫేజ్ మోటారు, ధర బాగుంది. ఉత్సాహం ఆపుకోలేక బాబాయిని అడగకుండానే రెండు వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. సాయంత్రం ఫోన్‌లో ఫోటో చూసి ఆయన, "స్తంభం గుండ్రంగా ఉందిరా" అన్నాడు. ఉంటే? ఉంటే ఏమవుతుందంటే, పొట్టి ఎండ్ మిల్ తీసి పొడవాటి డ్రిల్ పెట్టడానికి తల, అంటే మోటారూ స్పిండిలూ ఉన్న భాగం, పైకి ఎత్తామనుకోండి, ఎత్తేటప్పుడు అది స్తంభం చుట్టూ కొంచెం తిరిగిపోతుంది. అంతసేపు కష్టపడి పట్టుకున్న మధ్య బిందువు పోతుంది, మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. రంధ్రాలు పెట్టేవాళ్లకు ఇబ్బంది లేదు. నా ఇంజిన్‌లో మాత్రం ఒకే చోట సెంటర్ డ్రిల్ (చోటు గుర్తించేది), డ్రిల్, రీమర్ (రంధ్రాన్ని కొలతకు నునుపు చేసేది) వరసగా దిగాలి. మెషిన్ వద్దన్నాను. రెండు వేలు తిరిగి రాలేదు. అడగడానికి రెండుసార్లు వెళ్లి, పెట్రోలు ఖర్చు చూసుకుని మానేశాను.

చివరికి మిగిలినవి రెండు, రెండూ కొత్తవే, రెండూ చైనాలో తయారై ఇక్కడ డీలర్ల పేర్లతో అమ్ముతున్నవి. ఒకటి అందరూ ఎక్స్2 అనే తరగతి: 60 కిలోల చుట్టుపక్కల, స్తంభాన్ని పక్కలకు వంచే వీలుంది. రెండోది దానికన్నా ఒక మెట్టు పైది: 110 కిలోలు, స్తంభం కదలదు, తల డోవ్‌టెయిల్ అనే ఏటవాలు అంచుల పట్టా మీద నిలువుగా జారుతుంది. ధరలో తేడా దాదాపు నలభై వేలు. నా బడ్జెట్ మొత్తం లక్ష. చిన్నదే చాలులే అని మనసు గట్టిగా లాగుతోంది. స్తంభం వంగుతుందంటే ఏటవాలు కోతలు కూడా కోయవచ్చు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

డీలర్ షోరూమ్‌కు బాబాయి సన్నటి కదలికను ముల్లుతో చూపే తన డయల్ గేజ్, అయస్కాంతం స్టాండ్ చేతిసంచిలో వేసుకుని వచ్చాడు. మెషిన్ ఆన్ చేయమనలేదు. స్టాండును టేబుల్ మీద నిలిపి, గేజ్ మొనను స్పిండిల్‌కు ఆనించి, ముల్లు సున్నా దగ్గర పెట్టి, "తలను వెనక్కి నెట్టు" అన్నాడు. ఎంత బలంగా? "బస్సులో ముందున్నాయన్ని జరగమన్నట్టు." నెట్టాను. చిన్న మెషిన్‌లో ముల్లు పన్నెండు గీతలు తిరిగింది. ఒక గీత అంటే మిల్లీమీటర్‌లో నూరో వంతు. పెద్దదాన్ని అంతే బలంతో నెడితే మూడు గీతలు. సేల్స్ కుర్రాడు మావైపు వింతగా చూశాడు. వంగడం కోసం ఒకే పెద్ద నట్టు మీద నిలబెట్టిన స్తంభం కాబట్టి కట్టరు తోసినా అలాగే వంగుతుంది, అదే ఇంట్లో కిర్రుమనే శబ్దం, అదే గోడ మీద గీతలు. ఇదంతా బాబాయి వివరించలేదు. గేజ్ సంచిలో పెట్టుకుంటూ, "కట్టరు తిరగాలి, ముక్క కదలాలి. మూడోది ఏది కదిలినా దండగే" అన్నాడు. నలభై వేలు అక్కడే పోయాయి.

అప్పుడు మళ్లీ మొదటి ప్రశ్న. ఎక్కడ పెడతావు?

మాది ఆల్విన్ కాలనీలో నాన్న కట్టిన ఇల్లు. పైన మేం, కింద అద్దెకున్నవాళ్లు. నేను పై వరండా అనుకున్నాను. తెలిసిన సివిల్ ఇంజనీరు, ఇళ్ల శ్లాబులను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల భారానికి లెక్క వేస్తారనీ, స్టాండుతో కలిపి నా మెషిన్ దాన్ని దాటకపోవచ్చనీ, కానీ కింద పడుకునేవాళ్ల సంగతి ఆలోచించమనీ చెప్పాడు. మిగిలింది మెట్ల కింద, పాత స్కూటర్ ఉన్న చోటు. కొలతలు కాగితం మీద సరిపోయాయి. కాగితాన్ని నమ్మి ఇంతకుముందే మూడు వందల చొప్పున కట్టాను కాబట్టి, ఈసారి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలు కోసి టేపు అంటించి, మెషిన్ అంత అట్ట మెషిన్ చేశాను. మా అమ్మాయి దానికి కళ్లూ మూతీ గీసింది.

ఆ అట్ట బొమ్మ లేకపోతే బోల్తా పడేవాణ్ణి. కేటలాగులో మెషిన్ వెడల్పు అని రాసేది టేబుల్ మధ్యలో ఉన్నప్పటిది. నా టేబుల్ 55 సెంటీమీటర్లు, అది అటూ ఇటూ మొత్తం 33 జరుగుతుంది, రెండు కొసల్లో చేతి చక్రాలు, ఆ చక్రం తిప్పే నా పిడికిలి. అన్నీ కలిపితే మూడున్నర అడుగులు దాటింది. ఎడమవైపు నీళ్ల మోటారు స్విచ్ బోర్డు అడ్డొచ్చింది. ఎత్తులో ఇంకా ఘోరం: తల మొత్తం పైకి లేపితే దాని మీది మోటారు పైమెట్ల అడుగుకు తగులుతోంది. స్టాండును నాలుగంగుళాలు పొట్టి చేయించి, స్విచ్ బోర్డు మార్పించాను. పొట్టి స్టాండ్ కాబట్టి ఇప్పుడు స్టూలు మీద కూర్చుని పని చేస్తాను. బాబాయికి ఇది నచ్చదు. కూర్చుని మిల్లింగ్ చేసినవాణ్ణి తన సర్వీసులో చూడలేదట.

స్పిండిల్ టేపర్ మీద మా ఇద్దరికీ గొడవ అయింది. ఆర్8 అనే రకం టేపర్ అయితే డ్రాబార్ వదులు చేయగానే కొలెట్ (కట్టరును బిగించి పట్టే చీలికల గొట్టం) తేలిగ్గా దిగుతుంది. ఎంటీ3, అంటే మూడో నంబరు మోర్స్ టేపర్, పట్టిందంటే వదలదు, డ్రాబార్ తల మీద సుత్తితో కొట్టాలి. కొట్టే ప్రతి దెబ్బా బేరింగుల మీద పడుతుంది. నేను ఆర్8 అన్నాను. బాబాయి నన్ను రాణిగంజ్ తీసుకెళ్లి నాలుగు దుకాణాల్లో రెండిటి సరుకూ అడిగించాడు. మోర్స్ సరుకు నాలుగింట్లోనూ ఉంది, బేరమాడే వీలుతో. ఆర్8 ఒకచోటే ఉంది, అదీ రెండు సైజులు. ఎంటీ3 తీసుకున్నాను. పశ్చాత్తాపం కొంచెం ఉంది. దానికి మందుగా ఈఆర్25 కొలెట్ చక్ ఒకటి స్పిండిల్‌లో శాశ్వతంగా ఉంచేసి, కట్టర్లు మాత్రం కొలెట్ నట్టు విప్పి మారుస్తున్నాను. సుత్తి నెలకోసారి కూడా తీయను.

మోటారు విషయంలో మాత్రం ఆలోచించలేదు. బ్రష్‌లెస్ మోటారు, బెల్టు డ్రైవు. చిన్న మెషిన్లలో కొన్నిటికి లోపల ప్లాస్టిక్ గేర్లుంటాయి, కట్టరు ఎక్కడైనా ఇరుక్కుంటే పళ్లు రాలతాయి. బెల్టు అయితే జారుతుంది, మహా అయితే తెగుతుంది. తెగితే కొత్తది వేసుకోవచ్చు.

మెషిన్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు చేరిందని ఫోన్ వచ్చినప్పుడు శ్రావణ మాసం, వాన. ట్రాలీ ఆటోలో చెక్కపెట్టె తెచ్చాం. నలుగురు హమాలీలు, రెండు వెదురు బొంగులు, ఒక మోకు. గేటు నుంచి మెట్ల దాకా పాతిక అడుగులకు ముప్పావు గంట పట్టింది. పెట్టె విప్పితే ఒళ్లంతా ఎర్రటి జిడ్డు గ్రీజు, తుప్పు పట్టకుండా పూసింది. రెండు లీటర్ల కిరోసిన్, మా ఆవిడ ఇచ్చిన పాత నైటీ. "ఏమండీ, అది మళ్లీ ఉతకడానికి వేయకండి" అని ముందే చెప్పింది. గ్రీజు కింద టేబుల్ అంచున చిన్న సొట్ట కనిపించింది. డీలర్‌కు ఫోటో పంపితే రవాణాలో జరిగిందన్నారు, రవాణావాళ్లు పెట్టె బాగానే ఉంది కదా అన్నారు. సన్న ఆకురాయితో పొడుచుకొచ్చిన అంచు దించేసి ఊరుకున్నాను.

స్విచ్ వేయగానే ఇల్లంతా కరెంటు పోయింది. మళ్లీ వేశాను, మళ్లీ పోయింది. కొన్న మెషిన్ షార్ట్ అయిందని టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే మెషిన్‌కు రోగమేమీ లేదు. దాని కంట్రోలర్‌లో ఉన్న ఫిల్టర్ కొద్దిగా కరెంటును ఎర్త్‌లోకి వదులుతుంది, అది దాని స్వభావం. ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్ ఇప్పటికే కొంచెం కొంచెం వదులుతున్నాయి. అన్నీ కలిసి మెయిన్‌లో ఉన్న 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని (కరెంటు ఎర్త్‌లోకి కారితే సప్లై ఆపేసే స్విచ్) పడగొడుతున్నాయి. మెట్ల కిందికి విడిగా లైను లాగి, దానికి వేరే ఆర్‌సీసీబీ పెట్టాడు. ఆర్‌సీసీబీని తీసేస్తే సరిపోతుందని సలహా ఇచ్చిన మహానుభావుడూ ఉన్నాడు. ఇనుప మెషిన్, తడి నేల, చేతిలో ఇనుప చక్రం. ఆ సలహా వినకండి.

తర్వాత ఆదివారం మొత్తం తల నిటారుగా ఉందో లేదో చూడడానికే పోయింది. గేజ్‌ను స్పిండిల్‌కు బిగించి చేత్తో తిప్పుతూ టేబుల్ మీద నాలుగు దిక్కులా చదువుకోవాలి. కుడి ఎడమల తేడా తలను కొంచెం తిప్పితే పోయింది. ముందు వెనకల తేడా పన్నెండు గీతలు ఉంది, దాన్ని తిప్పి సరిచేసే వీలు లేదు, స్తంభం అడుగునే ఎత్తాలి. సందులో దూర్చే షిమ్ రేకు కొనుక్కొస్తానని లేచాను. బాబాయి బాత్రూమ్‌లోకి వెళ్లి నా షేవింగ్ బ్లేడు తెచ్చాడు. బ్లేడు మందం సరిగ్గా పది గీతలు, అంటే పదో వంతు మిల్లీమీటరు. దాన్ని కాగితం మడతలో పెట్టి రెండుగా విరిచి, స్తంభం అడుగున రెండు బోల్టుల దగ్గర దూర్చి బిగించాడు. తేడా రెండు గీతలకు దిగింది. ఆ బ్లేడు ముక్కలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మొదటి కోత అల్యూమినియం. నాలుగు అంచుల కట్టరు పెట్టాను. రెండు నిమిషాల్లో అంచుల మధ్య సందులన్నీ అల్యూమినియంతో పూడుకుపోయి కట్టరు కాస్తా కొవ్వొత్తిలా అయింది. రెండంచుల కట్టరు, మధ్యమధ్య బ్రష్‌తో కిరోసిన్ తడి, అంతే తేడా. వెండి రంగు రజను వానలా కురిసింది. ఇంకో పాఠానికి ఎనిమిది మిల్లీమీటర్ల కట్టరు ఒకటి బలైంది. కట్టరు అంచు ఎటు పోతోందో ముక్కనూ అటే నడిపితే కట్టరు దాన్ని తనవైపు లాక్కుంటుంది. టేబుల్ స్క్రూలో ఉన్న వదులంతా ఒక్కసారి ముందుకు దూకుతుంది. నా మెషిన్‌లో ఆ వదులు ఇరవై గీతలు. టక్ మని ఒక శబ్దం, నాలుగు వందల యాభై రూపాయలు. ఎదురు కోతే అలవాటు చేసుకున్నాను. కట్టరును కొలెట్‌లోంచి వీలైనంత తక్కువ బయటికి పెట్టడం కూడా. బయటికి వేలాడే పొడవు రెట్టింపు అయితే వంగడం ఎనిమిది రెట్లు అవుతుంది.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. మెషిన్‌కు రవాణాతో కలిపి లక్షా ఇరవై అయింది. నాలుగంగుళాల వైస్, 58 ముక్కల క్లాంపింగ్ కిట్, కొలెట్ చక్, కొలెట్లు, కట్టర్లు, పారలల్స్, ఎడ్జ్ ఫైండర్, స్టాండు, కరెంటు పని అన్నీ కలిపి ఇంకో నలభై ఆరు వేలు. ఇందులో నేను తప్పుగా ఖర్చు పెట్టింది ఇరవై కట్టర్ల చౌక సెట్. అందులో వాడింది నాలుగు. వైస్ కూడా ముందు చౌకదే తెచ్చాను, బిగిస్తుంటే దాని కదిలే దవడ పైకి లేచి ముక్కను వంకరగా పట్టుకుంది. రెండోది మంచిది కొన్నాను. మొదటిది ఇప్పుడు మా ఆవిడ కొబ్బరికాయలు కొట్టడానికి పనికొస్తోంది. ఈ డబ్బుతో బాలానగర్‌లో మూడు వందల చొప్పున ఐదు వందల పై చిలుకు ముక్కలు చేయించుకోవచ్చు. లెక్క వేసింది నేను కాదు, మా ఆవిడ. మీ డ్రాయింగులు ఖాయంగా ఉంటాయనుకుంటే ఆ లెక్కే సరైనది, మెషిన్ కొనకండి. నావి ఉండవు.

శబ్దం అనుకున్నంత లేదు. రాత్రి తొమ్మిది దాటాక కింద అద్దెవాళ్ల కోసం ఆపేస్తాను. రజను మాత్రం ఇల్లంతా వ్యాపించింది. చెప్పులకు అంటుకుని పైకి వస్తుంది, ఒకసారి పూజ గదిలో కూడా దొరికింది. ఆ రోజు నుంచి మెట్ల కింద చెప్పులు వేరు, ఇంట్లో చెప్పులు వేరు.

ఇంజిన్ సిలిండర్‌కు ముఖం చదును చేయడం ఒక సాయంత్రం పని. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులో ఏమీ కనబడలేదు. గాడిని మూడుసార్లు మార్చాను, ఎవరికీ టీ ఖర్చు లేకుండా. లోపలి రంధ్రం పన్నెండు మిల్లీమీటర్లకు బోరింగ్ హెడ్‌తో పెద్దది చేస్తుండగా చివరి పాస్‌లో స్క్రూ బిగించడం మరిచిపోయాను. తీసి కొలిస్తే 12.4 వచ్చింది. ఇత్తడి దిమ్మ పారేయబుద్ధి కాలేదు. పిస్టన్‌ను ఎలాగూ ముక్కను తిప్పుతూ గుండ్రంగా తీసే లేత్ మీదే తీయించాలి, నా దగ్గర లేత్ లేదు. డ్రాయింగ్‌లో 12 ఉన్నచోట పెన్సిల్‌తో 12.4 అని దిద్ది బాలానగర్ బండి కట్టాను.

యజమాని కాగితం తీసుకుని దిద్దుబాటు చూసి, కళ్లజోడు మీది నుంచి నన్ను చూశాడు.

"ఈసారి ఖాయమేనా సార్?"

"ఖాయమే. రంధ్రం ముందే అయిపోయింది" అన్నాను.